పాత ఇనుము కొంటాను, పాత రబ్బరు కొనను

పోయిన నెల విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపాయన లోపలి గదిలోంచి అట్టపెట్టె ఒకటి తెచ్చి, దుమ్ము దులిపి నా ముందు పెట్టాడు. అంబాసిడర్ మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ నొక్కినప్పుడు బ్రేకు ఆయిల్‌ని చక్రాల దగ్గరికి తోసేది. కంపెనీ సామాను. అట్ట రంగు మారి మూలల దగ్గర పొడి రాలుతోంది గానీ లోపల సిలిండర్‌కి చుట్టిన మైనపు కాగితం చెక్కుచెదరలేదు. "ముప్పై ఏళ్ల నాటి సరుకండీ, బండికి ఎక్కలేదు, ఇలాంటిది మళ్లీ దొరకదు" అన్నాడు. ఆ మాట నిజమే. అయినా దాన్ని అక్కడే వదిలేసి, షాపు బయట కుప్పలో వానకి తడిసి తుప్పుపట్టి పడున్న బ్రేకు డ్రమ్ముల్లో ఒక జత ఏరుకుని, కడిగించి, కొలిచి, కొనుక్కొచ్చాను. నాతో వచ్చిన మా బావమరిది ఇల్లు చేరేదాకా ఊరుకోలేదు. "పెట్టెలో కొత్తది పెట్టుకుని తుక్కులోది కొంటావేంటి బావా, అదీ బ్రేకులకి?" అని ఒకటే గొడవ.

వాడికి దారిలో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ చెప్తాను, ఎందుకంటే పాత బండ్లు ఉంచుకున్న మనలో చాలామందిది వాడి లెక్కే: పెట్టెలో ఉంటే కొత్తది, కుప్పలో ఉంటే చెత్త. ఇంకొందరైతే బ్రేకుల విషయంలో పాత సామాను అసలు ముట్టుకోకూడదంటారు. రెండూ తప్పని నా నమ్మకం. పాతదా కొత్తదా అని అడిగితే బ్రేకుల్లో జవాబు దొరకదు. ఇనుమా రబ్బరా అని అడగాలి. విప్పి చూడనిస్తారా లేదా అని అడగాలి.

మా బండి 1978 నాటి మార్క్ 3. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, మా అక్క పెళ్లి కారు కూడా అదే. నాన్న పోయాక అమ్మేద్దామని ఇంట్లో ఒకసారి అనుకున్నాం గానీ అమ్మ ఒప్పుకోలేదు, నాకూ మనసు రాలేదు. ఇప్పుడు నెలకి నాలుగైదు సార్లు తీస్తాను. అలంకారానికి షెడ్డులో పెట్టుకున్న బండి కాదిది, అమ్మ ఎక్కుతుంది, పిల్లలు ఎక్కుతారు. అందుకే బ్రేకుల మాట వస్తే నాకు ఇంత పట్టుదల.

ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లు సామానుకి పెద్దగా ఇబ్బంది తెలియలేదు, ఎందుకంటే ఊరూరా షాపుల్లో పాత నిల్వలున్నాయి. ఇప్పుడు ఆ నిల్వలు అడుగంటాయి. ఉన్నదల్లా మూడు రకాలు. ఒకటి, నాకు చూపించిన లాంటి పెట్టె సరుకు, రోజురోజుకీ రేటు పెరిగేది. రెండు, ఎవరో ఎక్కడో పోతపోసి అమ్మే కొత్త సామాను, అందులో మంచిదీ ఉంది, పనికిరానిదీ ఉంది, పైకి చూస్తే రెండూ ఒకటే. మూడు, విప్పిన బండ్ల నుంచి వచ్చే వాడిన సామాను. కోల్‌కతాలో 15 ఏళ్లు దాటిన టాక్సీలు నడపకూడదన్న నిబంధన కింద పసుపు అంబాసిడర్లు ఒక్కొక్కటే రోడ్డు దిగుతుంటే మల్లిక్ బజార్‌లో విప్పిన ముక్కలు పోగుపడతాయి. మద్రాసు పుదుపేట ఉంది, సికింద్రాబాద్ రాణిగంజ్ ఉంది, మనకి ఆటోనగర్ ఉంది. నేను ఈ మూడో రకం వైపు మొగ్గుతాను, కానీ అందరూ అనుకునే కారణానికి కాదు. చవకని కాదు. కనిపిస్తుందని.

ఈ సంగతి నేను ఎలా నేర్చుకున్నానో చెప్పాలి.

నాలుగేళ్ల కిందట మా మాస్టర్ సిలిండర్ కారడం మొదలైంది. ఒక షాపులో, అది ఆటోనగర్‌లోది కాదు, వేరే ఊళ్లోది, "రన్నింగ్ బండి మీద నుంచి నిన్ననే తీశాం, చుక్క కారలేదు" అని ఒక సిలిండర్ ఇచ్చారు. పైన శుభ్రంగా నల్ల రంగు వేసుంది. విప్పకుండా అలాగే బిగించేశాం. బ్రేకులు గట్టిగా పడ్డాయి, సంతోషించాం. మూడు వారాల తర్వాత ఒక ఆదివారం అందరం కొండపల్లి ఖిల్లా చూసి దిగుతున్నాం. మలుపు దగ్గర పెడల్ మీద కాలు ఆనించి నెమ్మదిగా దింపుతుంటే, కాలి కింద పెడల్ మెల్లగా, తడి మట్టిలోకి దిగినట్టు దిగిపోతోంది. ఇంకా నొక్కితే నేలకి తగిలింది. బండి ఆగట్లేదు. వెనక సీట్లో అమ్మ, మా ఆవిడ, పిల్లలు ఏదో మాట్లాడుకుంటున్నారు. గబగబా నాలుగుసార్లు పెడల్ కొడితే కొంచెం పట్టు దొరికింది, ఆ పట్టులోనే ఫస్ట్ గేరులోకి లాగి, హ్యాండ్ బ్రేక్ ఎత్తి, కొండ వైపు గట్టుకి ఆనించి ఆపాను. ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మకి ఈరోజుకీ పూర్తిగా చెప్పలేదు.

నాకు అప్పుడు అర్థం కానిది ఏంటంటే, బండి కింద చూస్తే చుక్క తడి లేదు, డబ్బా మూత తీస్తే ఆయిల్ నిండుగా ఉంది. కారకుండా, తగ్గకుండా బ్రేక్ ఎలా పోతుంది?

మర్నాడు మా మేస్త్రి ఆ సిలిండర్ విప్పి, కిరసనాయిల్‌తో కాదు, స్పిరిట్‌తో కడిగి (రబ్బరు తగిలేచోట కిరసనాయిల్, పెట్రోలు, ఇంజనాయిల్ వాడకూడదు, వాటికి ఆ రబ్బరు ఉబ్బిపోతుంది), లోపలికి చిన్న టార్చి కొట్టి నన్ను చూడమన్నారు. బోరులో, అంటే పిస్టన్ ముందుకీ వెనక్కీ నడిచే లోపలి గొట్టంలో, మొదటి భాగం అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపు దాటాక గోడ రంగు మారింది, అక్కడ గసగసాలు చల్లినట్టు సన్నటి గోధుమరంగు గుంటలు. "ఈ మెరిసేది రోజూ నడిచే మేర బాబూ" అన్నారు. "మామూలుగా బ్రేక్ నొక్కితే పిస్టన్ ఇంతవరకే వస్తుంది, దీన్ని దాటి పోదు. దాటాక ఉన్నచోట ఆయిలు నిలవుండి తుప్పు పట్టింది. అది ఆ పాత బండివాడికి ఎప్పుడూ తెలిసుండదు." మరి మాకు ఎలా తెలిసింది? కొత్తగా బిగించాక లైన్లలో గాలి తియ్యాలి కదా. గాలి తీసేటప్పుడు పెడల్‌ని అడుగుదాకా తొక్కిస్తారు, ఒకసారి కాదు, ఇరవై ముప్పై సార్లు. ప్రతి తొక్కుకీ లోపలి రబ్బరు బకెట్టు ఆ గసగసాల మీదుగా పోయి వచ్చింది. బకెట్టు బయటికి తీసి వేలిగోటి మీద పెట్టి చూపించారు, అంచున వెంట్రుకవాసి చిరుగు, చూపిస్తే తప్ప కనపడదు. గట్టిగా నొక్కితే ఒత్తిడికి అంచు విచ్చుకుని గోడకి అతుక్కుంటుంది, బ్రేక్ పడుతుంది. మెల్లగా ఆనిస్తే ఆ చిరుగులోంచి ఆయిల్ వెనక్కి జారి మళ్లీ డబ్బాలోకే పోతుంది. అందుకే బయటికి చుక్క రాలేదు, డబ్బాలో తగ్గలేదు.

ఆ షాపువాళ్లు అబద్ధం చెప్పలేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆ బండి మీద అది నిజంగానే కారలేదు. "బండి మీద బాగానే పనిచేసింది" అన్నది ఆ బండి గురించి మాట, ఆ పెడల్ గురించి మాట. ముక్క మన బండికి వచ్చాక ఆ మాటకి విలువ లేదు. వాళ్ల తప్పల్లా విప్పకుండా, రంగు వేసి అమ్మడం. నా తప్పు విప్పకుండా కొనడం. అప్పటి నుంచి రంగు వేసిన వాడిన సామాను చూస్తే నేను ముందు రంగు గీకుతాను.

ఇప్పుడు ఆ అట్టపెట్టె దగ్గరికి వద్దాం. అది బండికి ఎక్కలేదు, ఒప్పుకుంటాను. కానీ అందులోని రబ్బరు ముప్పై ఏళ్లుగా అందులోనే ఉంది. బండికి ఎక్కకపోతే రబ్బరుకి వయసు రాదని ఎవరన్నారు? ఒకే మడతలో, ఒకే చోట ఆనుకుని ఇన్ని ఎండాకాలాలు గడిపితే అంచు గట్టిపడుతుంది, ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. బోరు గోడకి పూసిన గ్రీజు ఎండిపోయి ఉంటే కృష్ణ ఒడ్డు గాలిలోని తేమ దాని పని అది చేసే ఉంటుంది. ఇవేమీ లేకపోవచ్చు కూడా, లోపల అంతా బంగారంలా ఉండొచ్చు. విప్పి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. నేను అడిగింది అదే. "విప్పితే విలువ పోతుందండీ" అన్నాడాయన. ఆయన వైపు నుంచి చూస్తే అది న్యాయమే, షెడ్డులో పెట్టుకుని చూసుకునేవాళ్లకి ఆ పెట్టెకే విలువ. కానీ నాకు కావాల్సింది బ్రేకు. చూడనివ్వని బ్రేకు సామానుకి ఆ రేటు పెట్టి, ఇంటికి తెచ్చి, ఎలాగూ రబ్బర్లన్నీ తీసి పారేసి కొత్త కిట్ వేయాలి. అంటే నేను కొంటున్నది ఇనుమే, అలాంటప్పుడు ఇనుము రేటే ఇస్తాను.

ఆయిల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తుప్పుకి మూలం అదే. మనం వాడే డాట్ 3, డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ గాలిలోంచి నీటిని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, నీరు పట్టాక అది 140కి పడిపోయినా ఆశ్చర్యం లేదు. డాట్ 4కి ఇవే 230, 155. ఘాట్ దిగేటప్పుడు వీల్ దగ్గర ఆయిల్ మరిగి ఆవిరైతే, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ కిందకి పోతుంది, బ్రేకు మాత్రం పడదు. తక్కువ తిరిగే బండికి ఆయిల్ మార్చక్కర్లేదని చాలామంది అనుకుంటారు. అసలు తిరగని బండికే ముందు మార్చాలి. నేను రెండేళ్లకోసారి మొత్తం తీసేసి కొత్తది పోస్తాను.

ఇక డ్రమ్ములు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెలు. బ్రేక్ నొక్కితే లోపలి షూలు విచ్చుకుని వీటికి రుద్దుకుని బండిని ఆపుతాయి. నాకు ఈ వ్యవహారంలో నిజంగా ఇష్టమైన పని డ్రమ్ము ఏరుకోవడం, ఎందుకంటే మంచి డ్రమ్ము తన గురించి తను దాచుకోదు. ముందు నట్లు బిగించే రంధ్రంలోంచి తాడు గానీ స్క్రూడ్రైవర్ గానీ దూర్చి వేలాడదీసి, చిన్న స్పానర్‌తో మెల్లగా కొట్టాలి. బాగున్న పోత ఇనుము గుడి గంటలా మోగి, ఆ మోత కొంచెంసేపు నిలుస్తుంది. పగులుంటే టక్కుమని అక్కడికక్కడే చచ్చిపోతుంది. పగిలిన కుండని అమ్మలు ఎలా వేలితో కొట్టి పక్కన పెట్టేవాళ్లో సరిగ్గా అదే. ఆ రోజు కుప్పలో పదకొండు డ్రమ్ములు కొట్టాను, మూడు మూగవి. పైకి చూస్తే ఆ మూడింట్లో ఒకటి అన్నిటికంటే శుభ్రంగా ఉంది.

మోగినవాటిని లోపల చూడాలి. షూ రుద్దుకునే చోట నీలం మచ్చలుంటే అది బాగా కాలిన డ్రమ్ము, ఆ మచ్చ దగ్గర ఇనుము గట్టిపడిపోయి ఉంటుంది, లేతు (తిప్పుతూ కోసే యంత్రం) పట్టించినా మళ్లీ అక్కడే ఎత్తుగా తేలుతుంది. అంచు దగ్గర వేలు పెడితే మెట్టు తగులుతుంది, ఆ మెట్టు ఎంత ఎత్తుంటే లోపల అంత అరిగినట్టు. తర్వాత కొలత. ఒకే చోట కొలిస్తే చాలదు, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ఐమూలగా ఒకసారి. మూడూ ఒకటి కాకపోతే డ్రమ్ము గుండ్రంగా లేదు, బ్రేక్ నొక్కినప్పుడు పెడల్ కాలిని తంతుంది. లేతు పట్టించి సరిచేయొచ్చు, కానీ దానికి హద్దుంది, అప్పటికే రెండుసార్లు కోసిన డ్రమ్ముని మూడోసారి కోస్తే మిగిలేది రేకు. పలచటి డ్రమ్ము వేడిని మోయలేదు. టాక్సీల మీద నుంచి వచ్చినవి చాలావరకు ఇలా కోతలు తిన్నవే, అందుకే నేను కొలిచే వెర్నియర్ లేకుండా ఆటోనగర్ వెళ్లను. ముందు చక్రాలకి రెండూ ఒకే కొలతకి కోయించాలి, ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువైతే బండి పక్కకి లాగుతుంది.

ఇన్ని చూడాల్సొస్తే కొత్తదే కొనుక్కోవచ్చు కదా అంటారు. కొన్నాను. రెండేళ్ల కిందట కొత్తగా పోతపోసిన జత ఒకటి తెచ్చాం. పాత డ్రమ్ము ఒక చేతిలో, ఇది ఒక చేతిలో పట్టుకుంటేనే తేడా తెలిసింది, అంత తేలిక. వెనక వైపు చూస్తే గోడ మందం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. అది కొత్తదే, బిల్లు కూడా ఉంది. మేస్త్రి దాన్ని బండికి ఎక్కించనన్నారు. అన్ని కొత్త డ్రమ్ములూ ఇలాగే ఉంటాయని నేను అనను, మంచివాళ్లు చేసినవీ ఉన్నాయి. కొత్తదైనా అదే పరీక్ష పెట్టాలంటాను. పరీక్షలో పాతది నెగ్గి కొత్తది ఓడితే పాతదే వేస్తాను, వయసు చూసి మార్కులు వెయ్యను.

ప్రతి చక్రం దగ్గరా షూలని తోసే వీల్ సిలిండర్లకి కూడా ఇదే మాట, కాకపోతే అక్కడ ఇంకో ప్రమాదముంది. బోరు కొలతలు. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల ఒకటి ముప్పావు అంగుళం, ఇంకోటి 7/8 అంగుళం ఉండొచ్చు. వినడానికి అంగుళంలో ఎనిమిదో వంతే. కానీ షూని తోసే బలం బోరు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, లెక్క వేస్తే పెద్దది చిన్నదానికంటే 36 శాతం ఎక్కువ బలంతో తోస్తుంది. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి పడితే తడి రోడ్డు మీద ఏమవుతుందో ఊహించుకోండి. పైపుల మరలూ అంతే, అంగుళాల మర 3/8 నట్టు 10 మిల్లీమీటర్ల మరలోకి దూరుతుంది, వదులుగా తిరుగుతుంది, చివర్లో బిగిసినట్టే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. చేత్తో తిప్పినప్పుడు ఆడుతుంటే అక్కడితో ఆపేయాలి.

షూల సంగతికి వస్తే, ఇనుప షూ పాతది భేషుగ్గా కొనొచ్చు, వంకర లేకుండా, చివర్లు అరక్కుండా ఉంటే చాలు. దానిమీద డ్రమ్ముకి రుద్దుకునే లైనింగ్ మాత్రం ఎంత మందంగా కనిపించినా తీసేయించి కొత్తది రివెట్లు కొట్టించాలి. పాత లైనింగ్ ఆయిల్ తాగి ఉంటే కడిగితే పోదు, వేడెక్కినప్పుడు మళ్లీ చెమట పట్టినట్టు బయటికి వస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది, దయచేసి ఇది మాత్రం వినండి. ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే దాని ఫలితం ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడుతుంది, అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. మన షెడ్డుల్లో డ్రమ్ము ఊడదీయగానే గాలి పైపు పెట్టి బుస్సున కొడతారు, పక్కన టీ తాగుతున్న కుర్రాడి మొహం మీదకి పోతుంది ఆ ధూళంతా. నేను మా మేస్త్రి దగ్గర ఈ ఒక్క విషయంలోనే గట్టిగా పోట్లాడాను. ఇప్పుడు ఆయన షెడ్డులో తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేస్తున్నారు. అక్కడ పనిచేసే కుర్రాడికి పదిహేడేళ్లు.

ఆయిల్ వెళ్లే రబ్బరు హోస్ పైపుల గురించి ఎక్కువ చెప్పను. వాడినవి కొనొద్దు, పెట్టెలో ఉన్న పాతవీ కొనొద్దు. బయట నల్లగా నిగనిగలాడుతూ లోపల ఉబ్బి మూసుకుపోయిన పైపుని కోసి చూశాను నేను, సూది పట్టేంత సందుంది. అలాంటి పైపు ఆయిల్‌ని పోనిస్తుంది, తిరిగి రానివ్వదు, కాలు తీసినా బ్రేక్ వదలదు.

ఇదంతా ఎందుకు, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టించేసుకోవచ్చు కదా అని మా బావమరిది చివరి వాదన. అంబాసిడర్‌కే తర్వాతి కాలంలో ముందు డిస్కులు వచ్చాయి, ఆ సామానుతో మార్చుకున్నవాళ్లూ ఉన్నారు, బాగానే నడుపుతున్నారు. రోజూ హైవే ఎక్కేవాళ్లయితే నేనే చెప్తాను మార్చుకోమని. నాకు మాత్రం రెండు కారణాలున్నాయి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, నంబరులో వీఏ అని వస్తుంది, కానీ బండి అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు చేసుండకూడదు. మా బండికి 2028లో యాభై నిండుతాయి. రెండో కారణం నాన్న. ఆ పెడల్ కింద ఆయన కాలికి తెలిసిన గట్టిదనమే నా కాలికీ తెలియాలని నాకుంది, దాన్ని లెక్కల్లో చెప్పలేను. నాలుగు డ్రమ్ములూ సరిగ్గా ఉంటే, నేను నడిపే వేగానికి ఆ బ్రేకులు చాలు. సరిగ్గా లేని డ్రమ్ముల్ని చూసి డ్రమ్ము బ్రేకులే చెడ్డవనుకునేవాళ్లు మనలో ఎక్కువ.

కొండపల్లిలో నన్ను దగా చేసిన ఆ సిలిండర్‌ని పారేయలేదు. దాని పోత చాలా మంచిది, పగులు లేదు, మరలు గట్టిగా ఉన్నాయి. బోరు కోయించి, లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ (సన్నటి గొట్టం) దిగ్గొట్టించి, బకెట్టు కొలతకి బోరు తీయించాం. అన్నిటికంటే సున్నితమైన పని ఆయిల్ డబ్బాలోంచి కిందకి వచ్చే సన్నటి రంధ్రాన్ని స్లీవ్‌లో సరిగ్గా పాత చోటే వేసి, లోపలి అంచు నున్నగా చేయడం, లేకపోతే కొత్త బకెట్టు మొదటి వారంలోనే తెగుతుంది. లేతు మేస్త్రి దానికి సగం రోజు తీసుకున్నాడు. తేదీ చూసి కొన్న కొత్త రబ్బర్లు వేశాం. గాలి తీసేటప్పుడు పెడల్ కింద చెక్కముక్క అడ్డం పెట్టి, అడుగుదాకా పోకుండా తొక్కించారు మా మేస్త్రి, అక్కడ ఇప్పుడు తుప్పు లేదని తెలిసినా సరే. నాలుగేళ్లుగా మా బండిలో ఉన్నది అదే.

డ్రమ్ములు నిన్న లేతు నుంచి వచ్చాయి. రెండూ ఒకే కొలతకి తెగాయి, కోత పోను ఇంకా మందం మిగిలే ఉంది. ఆదివారం ఎక్కిస్తున్నాం. బావమరిదిని రమ్మన్నాను, ఎక్కించే ముందు ఒకసారి వేలాడదీసి స్పానర్‌తో వాడి చేతే కొట్టిస్తాను.